నల్లబండ కింద మూడు కూతలు

స్టోన్‌కోల్ లోయకి తెల్లవారుజామున ఎవరూ వేటకి వెళ్లేవాళ్లు కాదు. ఏప్రిల్లో, ఇంకా మసక చీకటి ఉండగానే, నల్లబండ కింద నుంచి అడవి టర్కీకోడి పెట్ట పిలిచేదట. వెళ్లి చూస్తే పెట్ట ఉండేది కాదు... ఈకైనా ఉండేది కాదు.

వెర్లిన్ తమ్ముడు లాయ్ పోయింది ఆ బండ కిందే. పుంజుని రప్పించడానికి ఎముకతో చేసిన పీక ఊది పెట్టలా పిలుస్తూ కూర్చుంటే, ఎవరో నిజం టర్కీ అనుకుని పేల్చారు. ఎవరన్నది తేలనే లేదు.

అప్పటి నుంచి వెర్లిన్ ఏటా తుపాకీ లేకుండా ఆ లోయకి వెళ్లేవాడు. ఊళ్లో అందరికీ వినపడిందన్న పిలుపు — ఆయనకి మాత్రం ఒక్కసారీ వినపడలేదు.

ఒక ఏప్రిల్ సాయంత్రం పక్కింటి కుర్రాడు డార్ల్ వెర్లిన్ అరుగు మీద కూర్చుని, టర్కీలని పిలిచే ప్లాస్టిక్ పీక ఆపకుండా ఊదుతున్నాడు.

"ఆపరా! పెళ్లింట్లో వాగుడులా ఉంది," అన్నాడు వెర్లిన్.

"మీ రోజుల్లో ఎలా పిలిచేవాళ్లేంటి బాబాయ్?"

"మూడే కూతలు. ఆపైన నోరు మూసుకోవడం. బురదలో జింక అడుగు కనిపిస్తే ఊరంతా చూడ్డానికి పరిగెత్తేవాళ్లం. టర్కీలు అంతకన్నా తక్కువ. ఉన్న ఒక్క పుంజూ బెదిరిందా, ఆ ఏటికి అంతే."

"మరి అవతల పిట్టో మనిషో తెలిసేదెలా?"

"గుడ్లగూబలా కూసేవాళ్లం. అప్పుడు—"

"గుడ్లగూబా!" డార్ల్ పగలబడి నవ్వాడు. "చాల్లే బాబాయ్, పిన్ని విందంటే ఇంట్లోకి రానివ్వదు!"

వెర్లిన్ మాట మధ్యలోనే వదిలేసి లేచి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారుజాము. లోయ నిండా మంచు. వెర్లిన్ మెడకి ఎర్ర మఫ్లర్ చుట్టుకుని వాగు పక్కన నిలబడ్డాడు.

బండ కింద నుంచి... మూడు కూతలు.

ఆపైన నిశ్శబ్దం.

ఇన్నేళ్లకి ఆయనకీ వినపడింది. అలా పిలిచి ఆగేవాళ్లు ఇప్పుడెవరున్నారు?

దోసిలి నోటికి పెట్టి గుడ్లగూబలా కూశాడు. అవతలిది మనిషైతే ఈల వెయ్యాలి. ఈల వినపడితే ఇవతలివాడు తుపాకీ దించాలి. అదీ వాళ్ల కట్టుబాటు.

ఈల రాలేదు.

"లాయ్... నేనేరా," అని గొణుగుతూ, వంగి, పొదల్లోంచి బండ వైపు నడిచాడు.

తుపాకీ పేలింది.

"బాబాయ్!" డార్ల్ పరిగెత్తుకొచ్చాడు. "ఎర్రగా కదిలితే పుంజు తలనుకున్నా... నువ్వు చెప్పినట్టే పిలిచాను బాబాయ్, మూడే మూడు..."

వెర్లిన్ పెదాలు కదిలాయి. "ఈల... వెయ్యాలిరా..."

ఇప్పుడు ఆ లోయలో పెట్ట పిలవడం లేదట. ఏప్రిల్లో, మసక చీకట్లో, ముందు వాగు పక్కన గుడ్లగూబ కూస్తుంది. కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత... బండ కింద నుంచి... సన్నగా —

ఈల.