చివరి గది నాడి

ఆ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళ దగ్గర మగవాళ్ళ వార్డు చివరున్న గది పేరెత్తి చూడండి, మాట మార్చేస్తారు. పోయినవాళ్ళని మార్చురీకి తీసుకెళ్ళే ముందు కాసేపు ఆ గదిలో ఉంచుతారు. అక్కడ పడుకోబెట్టిన శవానికి... నాడి కొట్టుకుంటుందని చెప్పుకునేవాళ్ళు.

ఒకరిద్దరు కాదు, ఎంతోమంది నర్సులు ఆ మాటే అన్నారు. చెయ్యి పట్టుకుంటే కొట్టుకుంటోందని కేకలు పెడుతూ బయటికొచ్చినవాళ్ళున్నారు. ఆ రాత్రికి రాత్రే జ్వరం తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

నవ్వకండి. మొదట నేనూ నవ్వాను. కానీ ఇది నాకు చెప్పింది మా పిన్ని కూతురు. అబద్ధమాడదామన్నా మొహంలో దొరికిపోయే రకం అది.

చెల్లెలు నర్సుగా చేరిన కొత్త రోజుల సంగతి. దానికి లోకంలో అందరి మీదా నమ్మకమే, ఒక్క తన మీద తప్ప. మంచం కోడు కాలికి తగిలితే మంచానికే సారీ చెప్పేది. వార్డంతా దాన్ని ‘సారీ సిస్టర్’ అని పిలిచేవాళ్ళు.

ఒకసారి ఒక పెద్దాయనకి సెలైన్ పెట్టబోయింది. చేతులు వణికి, నరం దొరక్క ఆయన చెయ్యంతా పొడిచిపెట్టింది. ఆయన, “పోనీలేమ్మా, ఇంకో చెయ్యుంది కదా!” అన్నాడు. తిట్టినా బాగుండేది... బాత్రూంలో గడియ పెట్టుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

ఇంట్లో మా బాబాయి కూడా, “నీ వల్ల కాకపోతే వచ్చెయ్యి తల్లీ, ఎవరేమనుకుంటే మనకేంటి?” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ‘అంటే నాన్న కూడా నా వల్ల కాదనే అనుకుంటున్నాడు’ అని ఇది ఇంకా కుంగిపోయింది. తెల్లారగానే మానేస్తానని చెప్పేద్దామని నిశ్చయించుకుని ఆ రాత్రి డ్యూటీకెళ్ళింది.

బయట ఎడతెరిపి లేని వాన. ఒకటే చలి. కాలవలో పడి ఉన్నాడంటూ ఎవరో ఒక మనిషిని మోసుకొచ్చారు. ఒళ్ళంతా మంచుగడ్డ... కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి ఉన్నాయి. డ్యూటీ డాక్టరు అప్పటికే అలసి సొలసి ఉన్నాడు. గుండె విన్నాడు, కళ్ళలో లైటేసి చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

“చివరి గదిలోకి మార్చండి.”

పెద్ద సిస్టర్ చెల్లెలి వైపు తిరిగింది. “నువ్వెళ్ళి ఒళ్ళు తుడిచి, దుప్పటి చుట్టిరా.”

ఆ గదిలో మంచం, స్టూలు, నీళ్ళ బకెట్ తప్ప ఇంకేమీ లేవు. చెల్లెలు తలుపు తీసే ఉంచింది. మొహం తుడిచింది. మంచం అంచు దాటి వేలాడుతున్న చేతిని గుండెల మీద పెడదామని మణికట్టు పట్టుకుంది...

కొట్టుకుంటోంది.

టకటకా... టకటకా...

దానికి పై ప్రాణాలు పైనే పోయాయి. గుడ్డ ఎక్కడ పడేసిందో తెలీదు, వార్డు మధ్యలో పెద్ద సిస్టర్ చెయ్యి పట్టుకుని నిలబడింది.

“అక్కా... ఆయన చెయ్యి... కొట్టుకుంటోంది...”

పెద్ద సిస్టర్ రోగులు లేవకుండా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “బొటనవేలితో పట్టుకున్నావు కదూ? బొటనవేలిలో మన నాడే కొట్టుకుంటుంది పిచ్చిదానా. నీ పల్స్ నువ్వే విని పరిగెత్తుకొచ్చావు. కొత్తలో అందరూ ఇంతే. నేనూ ఇంతే. వెళ్ళు, పని కానివ్వు.”

నిజమే, పట్టుకున్నది బొటనవేలితోనే. చదువుకున్న మొదటి పాఠమే మర్చిపోయింది. ‘ఇందుకే నేను పనికిరాను’ అనుకుంటూ వెనక్కెళ్ళింది.

దుప్పటి విప్పింది. చుట్టబోతూ... ఎందుకో ఆగింది. భయం తీర్చుకుందామని, ఈసారి పద్ధతిగా, రెండు వేళ్ళు ఆయన మెడ మీద ఆనించింది.

ఏమీ లేదు.

ఇంకాసేపు... ఏమీ లేదు.

చెయ్యి తీసేయబోయింది. అప్పుడు వేళ్ళ కింద ఏదో మెల్లగా కదిలింది. మళ్ళీ నిశ్శబ్దం. చాలాసేపటికి... ఇంకోసారి.

‘ఇదీ నాదేనేమో!’

రెండో చెయ్యి తన మెడ మీద పెట్టుకుంది. భయంతో దాని నాడి తరుముకొస్తున్నట్టు పరుగెడుతోంది. ఆయన మెడ మీదున్న వేళ్ళ కిందిది మాత్రం నిదానంగా, ఆగి ఆగి...

ఒకటి తనది. ఇంకొకటి తనది కాదు.

అది అంత భయపడి ఉండకపోతే ఆ తేడా తెలిసేది కాదేమో. పుట్టినప్పటి నుంచీ దాన్ని తిప్పలు పెట్టిన పిరికితనం ఆ రాత్రి ఒక్కసారి దానికి సాయపడింది.

అయినా గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయిందట. మళ్ళీ తప్పయితే? ఈసారి వార్డంతా నవ్వుతుంది. తప్పు కాకపోతే... దుప్పటి లోపల ఒక మనిషి బతికుంటాడు.

నేరుగా డాక్టరు ముందుకెళ్ళింది. “ఆయన బతికే ఉన్నాడండీ. రండి.”

“నేను చూశాను కదా సిస్టర్.”

నాలుక చివరిదాకా వచ్చిన ‘సారీ’ని మింగేసింది. “మళ్ళీ చూడండి. మీరు లేచేదాకా నేను కదలను.”

ఆయన విసుక్కుంటూనే లేచాడు. వచ్చి చూసి... పరిగెత్తాడు. మిషన్లొచ్చాయి, వేడి దుప్పట్లొచ్చాయి. తెల్లారేసరికి ఆ మనిషి మూలిగాడు. కొన్నాళ్ళకి తన కాళ్ళ మీద తనే నడిచి ఇంటికెళ్ళాడు.

చెల్లెలు ఉద్యోగం మానలేదు. ఇప్పుడు ఆ వార్డుకి అదే పెద్ద సిస్టర్. కొత్తగా వచ్చిన పిల్లలు చేతులు వణికించుకుంటూ వస్తే, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తుంది. వాళ్ళని ఎవర్నీ నవ్వనివ్వదు.

ఇదంతా విని, “హమ్మయ్య, అయితే ఆ గదిలో దెయ్యం లేనట్టే కదే!” అన్నాను.

అది నవ్వలేదు.

“ఆ తెల్లవారుజామున పెద్ద సిస్టర్ ఆ గది గుమ్మంలో కూలబడి, తన చేతివేళ్ళ వంకే చూసుకుంటూ ఉండిపోయింది.”

“ఎందుకని?”

“నాకంటే ముందు, ఆవిడతో సహా ఎంతమందో నాడి కొట్టుకుంటోందని అక్కడి నుంచి పరిగెత్తుకొచ్చారక్కా. అందరికీ అది నీ బొటనవేలేనని చెప్పారు. అందరూ నమ్మారు. వెనక్కెళ్ళి... దుప్పటి చుట్టేశారు.”