మోటారు గదిలో వాలని రెప్ప

ముసునూరు దారిలో రిబ్కమ్మ మామిడితోట ఉంది. ఆ తోట నడుమనున్న మోటారు గదికి మంచి పేరు లేదు. కాపలాదారు బసవపున్నారావు ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. ఎంతమంది ప్రయత్నించినా ఆయన రెప్పలు మూతపడలేదట. పొద్దుగూకాక అటు వెళితే వీపు మీద ఎవరిదో చూపు ఆనుతుందని చెప్పుకుంటారు...

అయినా రిబ్కమ్మ మనవరాలు జెరూషా ఆ గదికే వెళ్ళింది. ఇంట్లో అందని సిగ్నల్ అక్కడే అందుతుంది మరి.

ఆ సాయంత్రం ఏడింటికి ఆన్‌లైన్ మాక్ టెస్ట్. బెజవాడ కోచింగ్ సెంటర్ మొదటి బ్యాచ్‌లో మిగిలిన ఒక్క సీటు దానితోనే తేలుతుంది. మార్కులు చాలవు, ఏకాగ్రత కూడా కావాలి. అందుకు ఒంటికి పరికరాలేమీ తగిలించరు. ఫోన్ కెమెరాలోంచి ఏఐ కళ్ళను కనిపెడుతూ ఉంటుంది. చూపు పక్కకు పోతే తప్పు, కుర్చీ వదిలితే పరీక్ష రద్దు.

"ఇదేం కాపలానే! మా పున్నారావే నయం, చుట్ట కాల్చుకోడానికైనా లేచేవాడు" అంది రిబ్కమ్మ.

జెరూషా నవ్వలేదు.

ఏడూ నలభైకి ఈదురుగాలి లేచింది. తోటంతా దబదబా కాయలు రాలుతున్న చప్పుడు...

"జెరూషా! వాన పడేలోపు ఏరాలే, బుట్ట తీసుకురా!" బయటినుంచి రిబ్కమ్మ కేక.

గాలి లేస్తే ఆ తోటల్లో పెళ్ళికూతురైనా పీటల మీంచి లేవాల్సిందే. జెరూషా లేచింది — సీటు పోయిందనుకునే లేచింది.

పద్దెనిమిది నిమిషాల తరువాత తిరిగొచ్చేసరికి పరీక్ష నడుస్తూనే ఉంది. ఒక్క హెచ్చరికైనా లేదు. మిగిలినవి పూర్తిచేసింది. ఫలితం వచ్చింది.

ఏకాగ్రత: తొంభై తొమ్మిది శాతం. కుర్చీ వదిలిన సమయం: సున్నా.

వెంటనే ఫోన్ మోగింది. కోచింగ్ సెంటర్ ఆనంద్ బాబు సారు.

"ఏమ్మా, మధ్యలో పద్దెనిమిది నిమిషాలు ఒక్క జవాబూ పెట్టలేదు. ఒక్కసారీ రెప్ప వాల్చలేదు. ఏంటిది?"

జెరూషా కాయల బుట్ట వైపు చూసింది.

"నీ వెనక గోడ మీద మనిషి బొమ్మేదైనా ఉందా? మిషను ఒక్కోసారి బొమ్మనే మనిషనుకుంటుంది. బొమ్మైతే పరీక్ష కొట్టేస్తాను. కాకపోతే ఆ కళ్ళు నీవేనని రాసుకుంటాను, సీటు నీదే. చూసి చెప్పు."

బొమ్మ! ఆమె గుండె కుదుటపడింది. కుర్చీ వెనక పురుగుమందుల కంపెనీ క్యాలెండరు ఉంది, దాని మీద నవ్వుతున్న రైతు ఉన్నాడు. ఇంతేనా...

వెనక్కి తిరిగి దగ్గరగా చూసింది.

రైతు నవ్వు అలాగే ఉంది. నుదుటి నుంచి ముక్కు దాకా మాత్రం కాగితం లేదు. చెదలు ఏనాడో తినేశాయి. కళ్ళుండాల్సిన చోట ఇటుకగోడ.

"ఉందామ్మా?"

బొమ్మ లేదంటే సీటు తనది. లేదంటే... ఆ కళ్ళూ తనవే.

వీపు మీద ఏదో ఆనింది.

"బొమ్మేనండీ" అంది జెరూషా, గుసగుసగా. "కొట్టేయండి."