మొదటి పేజీలో వల

సాతార్‌ని చంపినవాళ్లు అతని తేనెపెట్టెల జోలికి కూడా పోలేదు.

కరాకోల్ ఊరు దాటాక కొండవాలులో ఉన్న ఆ గుడిసెలో, సాక్షి అని అతన్ని ప్రభుత్వమే దాచింది. పేరు మార్చింది, గడ్డం పెంచమంది, ఫోన్ ముట్టుకోవద్దంది. అయినా రెండు గుళ్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చాయి. ఏజెంట్ ఎర్మెక్ వచ్చి, శవం కింద చెయ్యి పెట్టి చూస్తే, దొంగచాటుగా కొనుక్కున్న ఫోన్ ఒకటి దొరికింది. అందులో చివరిగా తెరిచిన పేజీ: "చలికాలం తర్వాత తేనెటీగలు ఎందుకు చస్తాయి?"

ఆ ఫోన్‌తో అతను రాజధాని బిష్కెక్‌కి తిరిగి వచ్చాడు. కల్నల్ జిపారా కిటికీ దగ్గర నిలబడి ఉంది. శాఖలో అందరికీ ఆమె ఎజె. అంటే అక్క. తమ్ముళ్లని చావుకి పంపవలసి వచ్చే అక్క.

"తేనెటీగల గురించి కిర్గిజ్ భాషలో రాసిన వెబ్‌సైట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు తమ్ముడూ," అంది. "ఒకటి బాగా రాసి సెర్చ్‌లో పైకి తెస్తే వెతికే ప్రతివాడూ అక్కడికే వస్తాడు. ఆ పేజీలో ఒక యాడ్. 'ఈగలకి మందు మీ దగ్గర్లోనే ఉంది, ఎక్కడున్నారో చెప్పండి' అని. పాపం, చెప్పాడు."

"పన్నింది ఎవరు ఎజె?"

"క్రోల్. పాస్‌పోర్ట్ మారినప్పుడల్లా దేశం మారుస్తాడు. ఆయుధాలు అమ్ముతాడు. సరిహద్దు గోదాములో వాడి మొహం చూసినవాళ్లు ఇద్దరు. ఒకడు పోయాడు. రెండోది బూరుల్, అక్కడ గుమాస్తాగా చేసేది. సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పాలి."

"ఆవిడకీ తేనెటీగలున్నాయా?"

"కొడుకున్నాడు. రక్తం గడ్డకట్టని జబ్బు."

ఎర్మెక్‌కి అర్థమైంది. ఎవరి బలహీనతకి తగిన పేజీ వాళ్లకి.

అప్పుడే తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చింది. నక్క బొచ్చు కాలర్ కోటు, ఎర్రటి పెదవులు, ఆమె కంటే ముందు గదిలోకి వచ్చిన అత్తరు.

"ఈమె మేరిమ్," అంది కల్నల్. "తేనెటీగల సైట్‌నీ, ఈ జబ్బు గురించిన సైట్‌నీ సెర్చ్‌లో మొదటి స్థానానికి తెచ్చింది ఈవిడే. క్రోల్ జీతం ఇస్తాడు. నిన్నటి నుంచి మనకి పనిచేస్తోంది."

"నిన్నటి నుంచా! బాగుంది," అన్నాడు ఎర్మెక్. "రేపు ఎవరికో?"

మేరిమ్ కుర్చీలో కూర్చోలేదు. "మా తమ్ముడు ఇదే జబ్బుతో పోయాడు బైకే," అంది, అన్నయ్యని పిలిచినట్టు. " మోకాలి మీద చిన్న దెబ్బ, అంతే. ఏం చెయ్యాలో మా భాషలో ఎక్కడా రాసి లేదు. అందుకని నేనే రాశాను. యాడ్ల మీద వచ్చేది ఒక పూట మాంటీ కుడుములకి సరిపోయేది. తర్వాత క్రోల్ వచ్చాడు. సైట్ పైకి తీసుకురా, యాడ్ పెట్టే చోటు నాకొక్కడికే అమ్ము అన్నాడు. ఎందుకని అడగలేదు. కోటు బాగుంది కదా, అడగబుద్ధి కాలేదు."

"పేజీ తీసెయ్. పీడా పోతుంది."

"తీసేస్తే వాడు ఇంకో దారి వెతుకుతాడు, అది మనకి తెలీదు," అంది కల్నల్. "అదీకాక ఈ దేశంలో ఎంతమంది తల్లులు ఆ పేజీ చూసి బిడ్డల్ని బతికించుకుంటున్నారో! వద్దు. వలని మనమే లాగుదాం. నారిన్‌లో ఒక ఇల్లు చూశాం. నువ్వే బూరుల్‌వి. యాడ్ నొక్కు, చిరునామా ఇవ్వు, వచ్చినవాళ్లని పట్టుకో."

"అసలు బూరుల్ ఎక్కడుంది?"

"నీకు తెలియకపోవడమే ఆమెకి మంచిది."

మేరిమ్ క్రోల్ పక్కనే ఉండాలి కాబట్టి ఫోన్ చేసే వీలు లేదు. కబురు పేజీ మీదే రావాలి. శీర్షికలో "రక్తం ఆగకపోతే ఏం చేయాలి" అన్నది "రక్తం ఆపడం ఎలా" అని మారితే, హంతకులు బయలుదేరారని గుర్తు.

శనివారం పొద్దున ఎర్మెక్ నారిన్‌లోని ఆ ఇంట్లో తలకి రుమాలు కట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. వెనకగదిలో నలుగురు మనుషులు తుపాకులతో. ఆడపేరు మీద తీసిన ఫోన్‌లో పేజీ తెరిచి, కింద ఉన్న యాడ్ నొక్కాడు. "రక్తం గడ్డకట్టించే ఫాక్టర్ ఇంజెక్షన్ మీ దగ్గర్లోనే. ఎక్కడున్నారు?" చిరునామా కొట్టాడు. వెంటనే సమాధానం: "బయలుదేరుతున్నాం."

"రుమాల్లో చక్కగా ఉన్నారు సార్," అన్నాడు వెనకనుంచి ఒకడు. "మా మేనమామకి రెండో సంబంధం చూస్తున్నాం."

శీర్షిక మారింది. అందరూ తుపాకులు సర్దుకున్నారు.

అదే సమయానికి బిష్కెక్‌లో ఒక రెస్టారెంట్ మేడ మీద, క్రోల్ టీ గిన్నె పక్కన పెట్టి మేరిమ్ ల్యాప్‌టాప్‌లోకి వంగాడు.

"రెండు చిరునామాలొచ్చాయి," అన్నాడు. "ఒకటి నారిన్. ఒకటి కనుమ అవతల, అత్‌బాషీ."

మేరిమ్ ఆ రెండో పేరు మళ్లీ చదివింది. అత్‌బాషీ గురించి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఎవరో ఇంకో తల్లి అయి ఉంటుంది," అంది తేలిగ్గా.

"నారిన్‌లో ఉన్నది పేజీ తెరిచింది, తిన్నగా యాడ్ నొక్కింది. ఒక్క ముక్క చదవలేదు. అత్‌బాషీ మనిషి మూడుసార్లు వచ్చింది. మోకాలి వాపు గురించి రాసిన చోట ఎంతసేపు ఉండిపోయిందో చూడు." క్రోల్ నవ్వాడు. "తల్లి అయితే చదువుతుంది మేడమ్. పోలీసు అయితే నొక్కుతాడు."

అతను ఫోన్ తీసి బండిలో ఉన్నవాళ్లకి ఒక్క మాట చెప్పాడు. "అత్‌బాషీ."

ఆ తర్వాత మేరిమ్ కేసి చూశాడు. "నారిన్‌లో పోలీసు ఎందుకున్నాడంటావ్?"

జవాబు చెప్పడానికి ఆమెకి ఒక్క క్షణమే ఉంది. ఆ క్షణాన్ని అబద్ధానికి వాడుకుంటే తను బతుకుతుంది. ఆమె వేళ్లు కీబోర్డు మీదికి పోయాయి. తమ్ముడి కోసం రాసిన పేజీలో మొదటి వాక్యం చెరిపి, టైపు చేసింది: "బూరుల్, మందు తెస్తామన్నవాళ్లు హంతకులు. అత్‌బాషీ ఇల్లు వదిలి ఇప్పుడే పారిపో."

క్రోల్ ల్యాప్‌టాప్ మూతని ఆమె వేళ్ల మీద బలంగా మూశాడు. ఒకసారి కాదు. కానీ వాక్యం అప్పటికే వెళ్లిపోయింది.

నారిన్‌లో ఎర్మెక్ పేజీ చూశాడు. రుమాలు లాగి అవతల పారేసి కల్నల్‌కి ఫోన్ చేశాడు.

"ఎజె! బూరుల్ అత్‌బాషీలోనా?"

"అది ఫోన్‌లో అడిగే మాట కాదు తమ్ముడూ."

"ఎజె, వాళ్లకి తెలిసిపోయింది! మనకే తెలియకపోతే ఎలా?"

"గుర్రాల సంత వెనక, నీలం తలుపు," అంది కల్నల్. "మందు పంపాల్సింది మేమేరా. మంచు పడి బండి ఆగిపోయింది. పిల్లాడు జారిపడ్డాడేమో... మేం పంపి ఉంటే ఆవిడ ఫోన్ పట్టుకునేదే కాదు."

"క్రోల్ ఉన్న రెస్టారెంట్ మేడ మీదికి మనుషుల్ని పంపండి. మేరిమ్ అక్కడ ఒంటరిగా ఉంది."

కనుమ దారంతా గడ్డకట్టిన మంచు. రెండు మలుపుల దగ్గర జీపు అడ్డం తిరిగింది. ఎర్మెక్‌కి ఒకటే ఆలోచన: చదవకుండా నొక్కినందుకే క్రోల్ కనిపెట్టి ఉంటాడు, చదివి ఉంటే బాగుండేది. రెండు నిమిషాలు కూర్చుని, తల్లిలా చదివి ఉంటే, వాళ్లు తన దగ్గరికే వచ్చేవాళ్లు.

నీలం తలుపు ముందు మందుల షాపు బొమ్మ వేసిన వ్యాన్ ఆగి ఉంది. ఇద్దరు మనుషులు లోపలినుంచి తిట్టుకుంటూ వస్తున్నారు. ఇల్లు ఖాళీ. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. ఒకడు మంచులో స్లెడ్జ్ బండి లాగిన జాడ చూశాడు, పక్కింటి గొర్రెల కొట్టంవైపు. తుపాకీ తీసి కొట్టం తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్!" అని అరిచాడు జీపు దిగిన ఎర్మెక్.

వాడు తియ్యలేదు. ఎర్మెకే ముందు కాల్చాడు. రెండోవాడు మంచులో బోర్లా పడుకుని చేతులు చాచాడు.

కొట్టంలో గొర్రెల మధ్య బూరుల్ గడ్డి కోసే కొడవలితో నిలబడి ఉంది. ఆమె వెనక గడ్డిమీద పిల్లాడు, మోకాలు కుండలా వాచి, పెదవులు పాలిపోయి.

"దగ్గరికి రాకు! పోలీసుననే అంటావ్. ఎవడొచ్చినా అదే అంటాడు."

"అక్కా, పేజీ రాసినావిడ పంపింది. మేరిమ్."

కొడవలి కిందికి దిగింది. "మందేది మరి?"

ఎర్మెక్ దగ్గర మందు లేదు. అతను వ్యాన్ దగ్గరికి పరిగెత్తాడు. తలుపు తెరిపించడానికి చూపాలి కదా, హంతకులు ముందుసీటులో చల్లటి పెట్టె ఒకటి తెచ్చారు. బూరుల్ మూత తీసి, సీలు చూసి, తారీఖు చూసి, పెదవులు కొరుక్కుంది.

"అసలుదే," అంది. "దొంగ వెధవలు అసలుదే తెచ్చారు."

ఊరి డాక్టరు గొర్రెల మధ్యే కూర్చుని ఇంజెక్షన్ ఇచ్చాడు. సోమవారం బూరుల్ కోర్టులో, రెస్టారెంట్ వెనకమెట్ల మీద దొరికిన క్రోల్‌ని గుర్తుపట్టి వేలెత్తి చూపించింది.

మేరిమ్ రెండు చేతులకీ కట్లతో ఆసుపత్రిలో ఉంది. సాతార్ చావుకి ఆమె మీద కేసు పెడతారు. ఆమె వద్దనలేదు.

"పేజీ ఏమైంది బైకే?" అంది.

"సెర్చ్‌లో అడుక్కి పోయింది. హంతకుల మాట రాసి ఉందని ప్రమాదకరమైన సైట్ల లెక్కలో వేశారు."

"మరి మొదట ఏదొస్తోంది?"

ఎర్మెక్ చెప్పడానికి మొహమాటపడ్డాడు. "రక్తం ఆగకపోతే గుర్రపు కొవ్వు రాయండి, అని ఒకటి. యాడ్లు బోలెడు."

మేరిమ్ కట్టు చేతులతో అతని ఫోన్ వైపు చూపించింది. "నా చేతులు పనిచెయ్యవు. నేను చెప్తాను, మీరు కొట్టండి. యాడ్లొద్దు."

అతను రెండు వేళ్లతో మొదలుపెట్టాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కల్నల్ నిట్టూర్చింది.

"ఇరవై ఏళ్లలో గూఢచారుల్ని, ఆయుధాల దొంగల్ని పట్టుకున్నావు తమ్ముడూ. ఈ గుర్రపు కొవ్వుని మొదటి స్థానం నుంచి దించగలవా?"

"కష్టమే ఎజె," అన్నాడు ఎర్మెక్ తల ఎత్తకుండా. "పట్టుకుందామంటే దానికి పాస్‌పోర్ట్ లేదు."