జీడిపిక్కల షెడ్డులో మూలుగు

కృష్ణదేవిపేట రోడ్డులో మూతపడిన జీడిపిక్కల షెడ్డుందే... చీకటి పడ్డాక నర్సీపట్నం ఆటోవాళ్లు దాని ముందు బండి ఆపరు. వెనకటికి పిక్కలు కాలుస్తూ సోమలమ్మ అనే మనిషి అక్కడే ఒళ్లు కాలి చనిపోయిందట. ఈమధ్య రాత్రిళ్లు లోపల్నుంచి మూలుగు వినబడుతోందని, అది ఆవిడదేనని చెప్పుకుంటున్నారు.

ఆ రాత్రి ఆ షెడ్డులో సాయిలక్ష్మి ఒక్కతే కూర్చుని పనిచేస్తోంది. చెక్క మీద లతలు చెక్కే ఆమె మిషనుకి ఊళ్లో ఇంకెవరూ చోటివ్వలేదు మరి.

తండ్రి జోగులు వడ్రంగి. తలుపుల మీద లతలు చెక్కడంలో చెయ్యి తిరిగినవాడు. వేసవిలో పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, కుడిచేతికి వణుకు మిగిలిపోయింది. అంతకుముందే యలమంచిలి సోమయాజులు గారి కొత్తింటికి, సింహద్వారం పైన బిగించే పలక చెక్కుతానని మాటిచ్చాడు. తెల్లారగానే ఆయన పలక కోసం బండేసుకుని వస్తారు. చేతకాదని చెప్పడానికి నోరు రాక జోగులు తిండి మానేశాడు. గోడవైపు తిరిగి పడుకుని ఒకటే మాట— "నా పనైపోనాదమ్మా."

పాలిటెక్నిక్ చదివిన సాయిలక్ష్మి, విడిభాగాలు తెప్పించి తనే ఆ చెక్కుడు మిషను కట్టుకుంది. ల్యాప్‌టాప్‌లో గీసిన లత, సంకేతాలుగా వైర్ల మీద డ్రైవర్లనే చిన్న డబ్బాలకి చేరుతుంది. అవి మోటార్లని అడుగడుగూ తిప్పుతాయి. మోటార్లు చెక్కని తొలిచే బిట్టుని నడుపుతాయి. అంతే పని.

కానీ అది మాట వినడం లేదు.

పనికిరాని చెక్క మీద పెట్టి చూసింది. పూరేకు సగం చెక్కి— బిట్టు పక్కకి గెంతింది. మళ్లీ మొదలెట్టింది. ఈసారి ఇంకో చోట గెంతింది. పక్కనే తండ్రి ఏళ్లుగా దాచుకున్న టేకు పలక ఉంది. అలాంటిది ఇంకోటి లేదు.

అప్పుడు వినబడింది. గోడ అవతల... సన్నగా మొదలై, లావెక్కి, ఆగిపోయిన మూలుగు.

సాయిలక్ష్మి మిషను ఆపాలని లేచింది. చటుక్కున ల్యాప్‌టాప్ వైరు పీకేసింది. ఇక మిషనుకి చెప్పేవాళ్లెవరూ లేరు.

మళ్లీ మూలుగు.

మిషను... దానంతటదే కదిలింది.

ఆమె గోడవైపు తిరిగి చేతులు జోడించింది. "సోమలమ్మా... నీకు దణ్ణం పెడతాను," గుసగుసగా అంది. "ఈ ఒక్క రాత్రీ నా జోలికి రాక ఒగ్గీ. తర్వాత నన్నేటి సేసినా సరే. ఈ పలక అవ్వకపోతే మా నాన్న బతకడు..."

మూలుగు ఆగింది. గోడ అవతల— ఎవరో దగ్గారు.

ఆ దగ్గు ఆమెకి తెలుసు.

ఫోను లైటు పట్టుకుని వెనక గది తలుపు తోసింది. ఉలులు సానబట్టే తన పాత మోటారు ముందు జోగులు కూర్చునున్నాడు. ఉలిని తువ్వాలుతో కుడిచేతికి కట్టుకున్నాడు. చుట్టూ చెక్కముక్కలు— అన్నిటి మీదా వంకరపోయిన రేకులే.

"నాన్నా... నువ్వేటి ఇక్కడ?"

ఆయన తలెత్తలేదు. "అందరూ పడుకున్నాక ఎనక తలుపులోంచి రోజూ వస్తన్నానే. రేపు నీ మిషను ఆగిపోతే... ఒక్క రేకన్నా సెక్కగలనేమోనని."

"నాకు సెప్పొచ్చు కదా."

"ఏటని సెప్పను?"

సాయిలక్ష్మి ఏడవబోయి, ఆగి, మోటారు వైపు చూసింది. ఆ మూలుగు దానిదే. రెండు గదులకీ ఒకటే కరెంటు లైను. పరుగున వెనక్కి వచ్చి డ్రైవర్ల దగ్గర వెతికింది. నల్లటి గ్రౌండ్ వైరు మర వదిలి వేలాడుతోంది. ఆ ఆసరా లేకే, పక్క గది మోటారు రొదని కంప్యూటర్ మాటనుకుంటోంది మిషను.

వైరు బిగించింది. సిగ్నల్ వైర్లని కరెంటు తీగకి దూరంగా జరిపింది.

"నాన్నా, నీ మోటారు ఎయ్యి."

"వొద్దమ్మా, నీ పని సెడిపోద్ది..."

"ఎయ్యి నాన్నా, బేగి."

మూలుగు లేచింది. బిట్టు ఇసుమంతైనా అదరలేదు. అప్పుడు బిగించింది టేకు పలక.

తెల్లారేసరికి లత పూర్తయింది. ఒక్క మొగ్గ మాత్రం ఆమె మిషనుకి వదల్లేదు. తండ్రి ఉలి పట్టుకుంటే, ఆ చేతి మీద తన చెయ్యి వేసి పట్టుకుంది. ఆ మొగ్గ కొంచెం వంకరొచ్చింది.

సోమయాజులు గారు పలకంతా తడుముతూ వచ్చి, అక్కడ వేలు ఆపారు.

"ఇదొక్కటీ వేరే చెయ్యిలా ఉందే?"

జోగులు చాన్నాళ్లకి తల నిటారుగా ఎత్తాడు.

"అది నాదండి," అన్నాడు.