మల్లిగె నడక

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మల్లిగె మళ్ళీ నడక మార్చింది. సహన జీను మీద ఎగిరెగిరి పడింది.

మల్లిగె మార్వారీ ఆడగుర్రం. దొడ్డబళ్ళాపురం దగ్గర అంబిక నడిపే రైడింగ్ స్కూల్లో దాని రేవాల్ నడకంటే అందరికీ ఇష్టం. మామూలు నడక కంటే వేగం, పరుగు కంటే మెత్తన. ఎంత దూరం వెళ్ళినా గుర్రం తొందరగా అలసిపోదు, పైన కూర్చున్నవాళ్ళకు నడుము నొప్పి రాదు. అందుకే ఈ దూరపు సవారీకి అంబిక తన అక్క కూతురు సహనకు దాన్నే ఇచ్చింది.

కానీ ఈరోజు నాలుగడుగులు సాఫీగా వేసి, మళ్ళీ కుదిపేస్తోంది. సహన విసుక్కుని మడమలతో డొక్కలో పొడిచింది.

ముందు వెళ్తున్న తేజస్, అంబిక కొడుకు, మల్లిగెకు వయసైపోయిందన్నాడు. సహన కూడా అవునంది.

ద్రాక్షతోట పక్కన నీళ్ళతొట్టి దగ్గర ఆగారు. వెనకాల తన గుర్రం మీద వస్తున్న అంబిక దిగి, మల్లిగె జీను దించింది. దాంతోపాటే కింది దుప్పటీ జారిపడింది. మల్లిగె వీపు ఒకచోట వాచి ఉంది. వేలు తగలగానే చర్మం వణికింది.

"ఇంక దీన్ని దూరం తీసుకురాకూడదేమో. వయసైనట్లుండాది" అంది అంబిక.

సహన ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మల్లిగె మాత్రం తొట్టిలోంచి తలెత్తి ఆమెనే చూస్తోంది.

"వయసు కాదు చిన్నమ్మా. పొద్దున తేజస్ కంటే ముందు బయల్దేరాలని తొందరపడినాను. దుప్పటి మడత పడిందని తెలిసినా అట్లనే జీను కట్టేసినాను."

అంబిక గుడ్డ తడిపి వాపు మీద పరిచింది.

"అది పొద్దున్నుంచీ నీకు చెప్తానే ఉండాది కదప్పా, నడక మార్చి మార్చి" అంది నెమ్మదిగా.

సహనను ఇంటికి చేర్చడానికి వ్యాన్ పిలిపిస్తానంది. సహన వద్దంది. తాడు పట్టుకుని స్కూలు దాకా మల్లిగె పక్కనే నడిచింది. బూట్లు కరిచినా ఆగలేదు. కొంత దూరం పోయాక తేజస్ కూడా గుర్రం దిగి వాళ్ళతో కలిసి నడిచాడు.

వాపు తగ్గేదాకా మల్లిగెను ఎవరూ ఎక్కకూడదు. అయినా మరుసటి ఆదివారం సహన వైట్‌ఫీల్డ్ ఇంటి నుంచి పొద్దున్నే వచ్చేసింది. మల్లిగెను గడ్డి మేపడానికి తోలుకెళ్ళింది. అది ఆగితే ఆగింది, కదిలితే కదిలింది.

కంకర పరిచిన దారి రాగానే మల్లిగె అడుగులు పొట్టిగా పడ్డాయి. సహన వాటిని చూసింది. వెంటనే దారి దిగి, దాన్ని మెత్తటి మట్టి మీదికి నడిపించింది.