గుంతలో మోగిన ఫోన్

కాంక్రీటు జారడం మొదలవుతుంది.

మిక్సర్ లారీ వెనక డ్రమ్ము గరగరా తిరుగుతోంది. రేకు దోనె మీదుగా బూడిదరంగు ముద్ద ఒకటి జారి గుంతలో పడుతుంది. అడుగున ఎక్కడో నీళ్ళు చిందిన చప్పుడు.

అప్పుడే వినిపిస్తుంది.

"నాన్నా... ఫోన్ ఎత్తు. నాన్నా... ఫోన్ ఎత్తు."

పసిపిల్ల గొంతు. గుంతలోంచి.

లివర్ మీద లారీ డ్రైవర్ జుమాది చెయ్యి బిగుసుకుపోతుంది.

ఆ గొంతు అతనికి తెలుసు. మేనకోడలు లాస్త్రిది. తన గొంతు తనే రికార్డు చేసి తండ్రి ఫోన్‌కి రింగ్‌టోన్‌గా పెట్టింది ఆ పిల్ల. తండ్రి తోహిర్, జుమాది అక్క ముర్ని మొగుడు. టవర్ కోసం ఇళ్ళు ఖాళీ చెయ్యబోమని, నది ఒడ్డు రావా సాగు వాడలో అందరికంటే ముందు నిలబడినవాడు.

నిన్న సాయంత్రం నుంచి ఆ తోహిర్ కనిపించడం లేదు.

జుమాది లివర్ వెనక్కి గుంజుతాడు. కాంక్రీటు ఆగుతుంది.

"ఎందుకాపావ్?" ఫోర్‌మన్ హెర్రీ అరుస్తాడు.

"లోపల మనిషున్నాడు సార్."

"మనిషీ లేడు, మన్నూ లేదు. ఎవడో ఫోన్ పారేసుకున్నాడు. పొయ్యి."

జుమాది గుంత అంచున బోర్లా పడుకుంటాడు. లిఫ్టు పునాదికని తవ్వి, నీళ్ళు ఊరుతున్నాయని వదిలేసిన గుంత అది. బావి అంత వెడల్పు, రెండంతస్తుల లోతు. లోపల చీకటి.

"బావా! తోహిర్ బావా!"

కింద నుంచి ఒక మూలుగు. సన్నగా... గాయపడిన పశువు మూలిగినట్టు.

జుమాది తలెత్తి హెర్రీ ముఖం చూస్తాడు. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"జుమాదీ," హెర్రీ గొంతు మెత్తబడుతుంది. "నువ్వేం వినలేదు. ఈ ఒక్క లోడూ పోసేసి ఇంటికెళ్ళిపో."

"ఇల్లెక్కడుంది సార్? మొన్న మీరే కూల్చారుగా."

హెర్రీ నవ్వడు. ఆఫీసు షెడ్ వైపు చెయ్యి ఊపుతాడు. ఇద్దరు బయటికొస్తారు. ముందున్నవాడు ఉజాంగ్. చేతిలో ఇనుప చువ్వ.

జుమాది ఒక్క గెంతులో క్యాబిన్ ఎక్కుతాడు.

లారీ ఊగుతూ ముందుకు దూకుతుంది. ఇరువైపులా రేకుల గోడలు. మధ్యలో ఒక్క లారీ పట్టేంత దారి. గేటు దాటగానే రోడ్డు. అక్కడ ఇంకో రెండు మిక్సర్లు లోపలికి రావడానికి హారన్ కొడుతున్నాయి.

గేటు మధ్యలో బ్రేకు తొక్కి, స్టీరింగు పూర్తిగా తిప్పుతాడు. లారీ ముక్కు ఒక స్తంభానికీ, తోక ఇంకో స్తంభానికీ గుద్దుకుని ఇరుక్కుపోతుంది.

ఇక ఒక్క చుక్క కాంక్రీటు లోపలికి పోదు.

తాళం పీకి జేబులో వేసుకుని కిందికి దూకేస్తాడు.

"ఎక్స్‌కవేటర్‌వాడు ఏడి?" వెనక నుంచి హెర్రీ కేక. "టీ బంకు దగ్గరుంటాడు, పట్టుకురండి. మట్టి తోసేద్దాం!"

మట్టి... దాని సంగతే తనకు తట్టలేదు.

పరుగు.

మొన్నటిదాకా ఇవి సందులు. ఇప్పుడు ఇటుకల గుట్టలు. ఇక్కడే మంగలి షాపు ఉండేది. ఇక్కడ చేపలు ఎండబెట్టేవాళ్ళు. ఇప్పుడు తలుపుల్లేని గుమ్మాలు, కప్పుల్లేని గదులు. వాటి వెనక ముప్పై అంతస్తుల టవర్ ఒకటి సగం అద్దాలు తొడుక్కుని నిలబడి ఉంది. వాన ఇప్పుడే వెలిసింది. కాలు వేసిన చోటల్లా జారుతోంది.

పరిగెడుతూనే అక్కకి ఫోన్ చేస్తాడు.

"అక్కా, బావకి ఇప్పుడు ఫోన్ చేసింది నువ్వేనా?"

"రాత్రి నుంచీ చేస్తూనే ఉన్నాన్రా. ఎత్తట్లేదు. ఎందుకూ?"

"సైట్‌లో లిఫ్టు గుంత ఉంది చూడు. ఆ ఫోన్ అందులో మోగింది. లోపల మూలుగు వినిపించింది. ప్రాణం ఉంది అక్కా."

అటువైపు ముర్ని వెక్కుతుంది.

"అక్కా, ఏడవకు. ముందు నా మాట విను. పడవ తాడు తీసుకో. ఉన్నవాళ్ళందర్నీ పోగెయ్యి. నది వైపు గోడ విరిగింది కదా, అటునుంచి రండి."

"పోలీసులకి..."

"ఇళ్ళు కూల్చేటప్పుడు పక్కన నిలబడింది వాళ్ళేగా? నువ్వు రా, చాలు."

వెనక ఇటుకలు దొర్లిన చప్పుడు.

జుమాది పక్కనున్న గుమ్మంలోకి దూరతాడు. ఒకప్పటి వాడ స్నానాల గది. మూడు గోడలే మిగిలాయి. అవతలికి దారి లేదు.

గుమ్మంలో ఉజాంగ్.

"తాళం ఇటివ్వరా."

"ఉజాంగ్, నువ్వూ ఈ వాడలోనే పుట్టావు. మీ అమ్మ ఇక్కడే స్నానం చేసేది."

"మా అమ్మ ఇప్పుడు కంపెనీ ఇచ్చిన ఫ్లాట్‌లో, పంపు కింద చేస్తోంది. తాళం ఇవ్వు."

"గుంతలో ఉంది మా బావరా! తోహిర్ అన్న. నీకు చదువు చెప్పిన మనిషి."

ఉజాంగ్ ఒక్క క్షణం అలాగే చూస్తాడు. తర్వాత నవ్వుతాడు. పళ్ళన్నీ కనబడేలా.

"తోహిర్ అన్నా? గుంతలోనా?" నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "ఒరే పిచ్చోడా... నీకసలేం తెలీదు."

ఆ మాటకి అర్థమేమిటో ఆలోచించే తీరిక లేదు. చువ్వ గాల్లోకి లేస్తుంది.

జుమాది పక్కకి ఒరుగుతాడు. దెబ్బ భుజం మీద పడుతుంది. కళ్ళముందు మెరుపులు. ఎడంచేత్తో జేబులోంచి తాళం తీసి, విరిగిన గోడ మీదుగా విసిరేస్తాడు. నల్లటి నదిలో బుడుంగుమన్న చప్పుడు.

ఉజాంగ్ కళ్ళు అటు తిరుగుతాయి. ఆ ఒక్క క్షణం చాలు. తల వంచి వాడి పొట్టలో ఢీకొట్టి, వాడి మీదుగా దూకి బయటపడతాడు.

గోడ విరిగిన చోట ఆడవాళ్ళు కనిపిస్తారు. ముందు ముర్ని. భుజాన చుట్టలు చుట్టిన పడవ తాడు. వెనక టెంపె అనే సోయా బిళ్ళలు వేయించి అమ్మే తీనీ పిన్ని, చేతిలో ఇనప మూకుడుతో సహా పరిగెత్తుకొస్తోంది. ఇంకో ఏడెనిమిది మంది. ఖాళీ చెయ్యని ఇళ్ళలో మిగిలిందే ఇంతమంది.

"ఎక్కడరా?"

"ఇటు."

సైట్‌లోకి అడుగుపెట్టేసరికి ఎక్స్‌కవేటర్ ఇంజను మొదలవుతుంది. పెద్ద పసుపుపచ్చ బకెట్ నిండా మట్టి. గుంత వైపు కదులుతోంది.

ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళు పరిగెత్తుకెళ్ళి గుంత చుట్టూ నిలబడిపోతారు. చేతులు పట్టుకుని.

బకెట్ వాళ్ళ తలల మీద ఊగుతుంది. కిందికి మట్టిపెళ్ళలు రాలుతున్నాయి.

"పొయ్యరా!" హెర్రీ అరుస్తాడు.

"పొయ్యి నాయనా," తీనీ పిన్ని పైకి చూస్తూ అంటుంది. "పొద్దున నా దగ్గరే తిన్నావు. పొయ్యి, చూద్దాం."

ఆపరేటర్ ఇంజను ఆపేస్తాడు. కిందికి దిగి, ఎవరి మొహం చూడకుండా నడిచి వెళ్ళిపోతాడు.

హెర్రీ ఆఫీసు షెడ్ వైపు పరిగెడతాడు.

టైం లేదు. జుమాది నడుముకి తాడు కట్టుకుంటాడు.

"అక్కా, నీ చేతిలోనే ఉంది నా ప్రాణం."

"దిగు."

చీకటి. తడి మట్టి వాసన. గోడలు చర్మానికి గీసుకుంటున్నాయి. తాడు కొంచెం కొంచెంగా వదులుతున్నారు. కాళ్ళకి నీళ్ళు తగులుతాయి. మోకాళ్ళ దాకా. తను పోసిన కాంక్రీటు కాళ్ళ కింద బురదలా జారుతోంది.

నీళ్ళలో గోడకి ఆనుకుని ఒక ఆకారం.

"బావా, వచ్చేశాను. ఇదిగో..."

ఫోన్ లైటు వేస్తాడు.

నెరిసిన గడ్డం. పగిలిన నుదురు.

బావ కాదు.

వాడ పెద్ద కసాన్ తాత!

తాత సొంతూళ్ళో ఉన్న కూతురి దగ్గరకి వెళ్ళాడనే అందరూ అనుకున్నారు. కుడి కాలు మోకాలి కింద తప్పుగా వంగి ఉంది. పిడికిలిలో తోహిర్ ఫోన్. విడిపించబోతే వదలడు.

"తాతా, నేను జుమాదిని. బావ ఏడి? ఈ ఫోన్ నీ దగ్గరెందుకుంది?"

తాత పెదాలు కదులుతాయి. జుమాది చెవి దగ్గరగా పెడతాడు.

"లాక్కున్నాను... వాడు మాట్లాడుతుంటే విన్నాను. కంపెనీ వాళ్ళతో. మిగిలిన ఇళ్ళకి నిప్పు పెట్టడానికి ఒప్పుకున్నాడు."

"ఎవరు తాతా?"

"తోహిర్. నన్ను తోసింది వాడే."

ఉజాంగ్ నవ్వు చెవుల్లో గింగురుమంటుంది.

కాదనాలని ఉంది. వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తన నడుము తాడు విప్పి తాత చంకల కింద చుట్టి, ముడి మీద ముడి వేస్తాడు.

"లాగండి!"

తాడు బిగుస్తుంది. తాత నీళ్ళలోంచి లేస్తాడు. విరిగిన కాలు గోడకి తగిలినప్పుడల్లా కేక. జుమాది అందినంతవరకూ కింద నుంచి ఎత్తుతాడు. తర్వాత చేతులు అందవు. తలపైన తాత పాదాలు మాత్రం ఊగుతూ కనిపిస్తాయి.

అప్పుడే పై నుంచి ముర్ని గొంతు.

"లాస్త్రి వాళ్ళ నాన్నా...! అయ్యో దేవుడా, బతికే ఉన్నారా? ఆ షెడ్‌లోంచి వస్తున్నారేంటి? రాత్రంతా ఎక్కడున్నారు?"

ఏడుస్తోంది. నవ్వుతోంది కూడా.

జుమాది తలెత్తి చూస్తాడు.

"తాడు వదిలెయ్," తోహిర్ గొంతు. అలసిపోయిన గొంతు.

"ఏంటీ?"

"తాడు వదిలెయ్ ముర్నీ. వీళ్ళతో కూడా చెప్పు. చేతులు తియ్యండి."

"కింద తమ్ముడున్నాడు! అయినా... మీరు ఇక్కడుంటే, ఈ తాడుకి వేలాడుతోంది ఎవరు?"

జుమాది కింద నుంచి అరుస్తాడు.

"కసాన్ తాతే అక్కా! తోసింది బావే! వదలకు!"

తాడు నుంచి నీళ్ళు కారి జుమాది ముఖం మీద పడుతున్నాయి.

"నిజమేనా?" ముర్ని అడుగుతుంది. అంత నెమ్మదిగా అక్క మాట్లాడటం జుమాది ఎప్పుడూ వినలేదు.

"టవర్‌లో మనకో షాపిస్తామన్నారు. లాస్త్రికి మంచి స్కూలు... నీకు అర్థం కాదు. ఆ ముసలోడు బయటికొస్తే నేను జైల్లో ఉంటాను. నా చేతిలో ఏముందో చూశావుగా. వదిలెయ్."

"కాల్చండి."

"ముర్నీ..."

"కాల్చండి. నేను వదలను."

తుపాకీ పేలుతుంది.

గుంతంతా మోత. తాడు జారుతుంది. తాత బరువు వచ్చి జుమాది చేతుల మీద పడుతుంది. ఇద్దరూ నీళ్ళలో కూలబడతారు. పైన కేకలు, కాళ్ళ చప్పుళ్ళు. ఇనుము దేనికో బలంగా తగిలిన శబ్దం. ఎవరో మూలుగుతారు. మగ గొంతు.

"అక్కా!"

"అక్కా..."

తాడు కదులుతుంది. కొంచెం. ఇంకొంచెం. ఒక్కసారిగా బిగుస్తుంది.

తాత మళ్ళీ పైకి లేస్తాడు. ఈసారి ఆగకుండా. అంచు దగ్గర చేతులు కనిపిస్తాయి. ఆ చేతులు తాత చొక్కా పట్టుకుంటాయి. తాత వెళ్ళిపోతాడు.

జుమాది ఒంటరి.

పైన గుండ్రటి ఆకాశం ముక్క. పొద్దుగుంకే వేళ మగ్రిబ్ నమాజు పిలుపు ఎక్కడో దూరపు మసీదు నుంచి వస్తోంది. ఈ వాడ మసీదు మైకుకి కరెంటు కోసేసి చాలా కాలమైంది. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. పాదాల చుట్టూ కాంక్రీటు చిక్కబడుతోంది. కాళ్ళు లాగి లాగి తీస్తాడు.

అంచు మీదుగా ఒక తల తొంగిచూస్తుంది. చీకట్లో ముఖం తెలియదు.

తాడు వచ్చి అతని భుజం మీద పడుతుంది.

తడిగా ఉంది. వెచ్చగా, జిగటగా. అది వాన నీళ్ళు కాదు.

"బావ ఏడి?" అడుగుతాడు.

"తీనీ పిన్ని మూకుడుతో కొట్టింది. మీద నలుగురు కూర్చున్నారు." ముర్ని గొంతు వణుకుతోంది. కానీ అది ముర్ని గొంతే. "నడుముకి కట్టుకోరా. ముడి గట్టిగా వెయ్యి."

"నీకేమైంది అక్కా?"

"నాకు ఒక చెయ్యి పనిచెయ్యట్లేదు. తొందరగా రా."