రవ్వల జల్లెడ

"జల్లెడ కోసేస్తారు," అన్నాడు కల్నల్ టాల్‌గ్రెన్. "రైలింజన్ పొగగొట్టంలో నిప్పురవ్వల్ని ఆపే తీగ జల్లెడ. అది లేని ఇంజన్ మందుగుండు షెడ్డు పక్కకి వెళ్తే చాలు. ఆ పరాయి ముఠాకి బాంబుతో పనే లేదు."

ఏజెంట్ ఔలిస్ కుర్చీలోంచి లేచాడు. ఆ షెడ్డులో తూటాలు నింపే ఆడవాళ్లలో అతని చెల్లెలు సైమా ఉంది.

"ముఠాలో మన మనిషి పేరు వివేకా. కోడ్ మాట, తెల్లనక్క," అన్నాడు కల్నల్.

తెల్లారేసరికి ఔలిస్ బాయిలర్ క్లీనర్ వేషంలో ఫిన్లాండ్ అడవుల్లోని ఆ ఫ్యాక్టరీ యార్డులో ఉన్నాడు. వివేకా అప్పటికే వచ్చింది. బొచ్చు కాలరు కోటు, ఎర్ర లిప్‌స్టిక్, మేనేజరు సెక్రటరీనని చెప్పుకునే ధీమా.

"తెల్లనక్క," అంది మెల్లగా. "డ్రైవర్ కట్టెలకి వెళ్లాడు. నువ్వు లోపలికెళ్లి జల్లెడ చూడు."

ఔలిస్ చల్లారిన ఇంజన్ ముందు తలుపు తీసి, పొగగొట్టం కింద ఉండే పొగపెట్టెలోకి పాక్కుంటూ వెళ్లాడు. టార్చి పైకి వేశాడు. జల్లెడ లేదు. వెనక తలుపు ధడేల్మంది. బోల్టులు బిగుస్తున్నాయి.

"నేను మొదట్నుంచీ వాళ్ల మనిషినే ఔలిస్. ఎంత నమ్మావయ్యా, పిచ్చివాడా."

ఆఫీసు ఇచ్చిన పెన్ను పిస్టల్ ఆ ఇనుము ముందు పిల్లల బొమ్మ. గొంతు చించుకుని అరిచాడు. ఎవరికీ వినపడలేదు. కాసేపటికి బాయిలర్ అవతలి కొసన డ్రైవర్ రౌతియో నిప్పు రాజేశాడు. గొట్టాల్లోంచి పొగ రావడం మొదలైంది.

ఔలిస్ కోటు విప్పి పొగగొట్టంలోకి కుక్కాడు. ఇక రవ్వ బయటికి పోదు. పొగా పోదు. సైమా బతుకుతుంది. తనకి చావాలని లేదు, ఏడుపొచ్చింది.

దారి లేని పొగ డ్రైవర్ మీదికి తన్నింది. నిప్పు మీద కాఫీ కెటిల్ పెట్టుకున్న రౌతియో దగ్గుతూ లేచాడు.

"ఇంకో నాలుగు కట్టెలెయ్. టైమవుతోంది," అంది ఇంజనెక్కి పక్కన నిలబడ్డ వివేకా.

"కాఫీ తాగందే ఇంజన్ కదలదమ్మాయ్."

"సాయంత్రం తాగొచ్చులే." కెటిల్ తీసి బయట ఒంపేసింది.

రౌతియో ఖాళీ కెటిల్ కేసి చూశాడు. "పొద్దున్నే ఒకడి కాఫీ పారబోసే మనిషి ఈ దేశంలో పుట్టలేదు. ఎవరు నువ్వు?"

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసేలోగా ఇనుప కడ్డీతో చేతిమీద ఒక్కటిచ్చాడు. తాడుతో కట్టి కూర్చోబెట్టాడు. పొగ ఎందుకు తంతోందో చూద్దామని ముందుకెళ్లి బోల్టులు విప్పాడు. ఔలిస్ సగం ప్రాణంతో నేలమీద పడ్డాడు.

"నిప్పు ఆర్పెయ్ బాబాయ్," అన్నాడు దగ్గుతూ. "జల్లెడ లేదు."

కొత్త జల్లెడ బిగించి బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటింది. షెడ్డు గేటు దగ్గర సైమా నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"పొద్దుట్నుంచీ సరుకు లేక గోళ్లు గిల్లుకుంటున్నాం. ఎక్కడ పడి నిద్రపోయావ్ బాబాయ్? నువ్వేంట్రా అన్నయ్యా, ఇంజనెక్కి ఊరేగుతున్నావా? నీకు పనీపాటా లేదా?"

జరిగిందంతా ప్రభుత్వ రహస్యం. ఇద్దరూ తలొంచుకుని తిట్లు తిన్నారు. ఆమె ఊపిరి పీల్చుకోడానికి ఆగితే, "ఇంకేమైనా తిట్లున్నాయా?" అని ఔలిస్ ఆశగా అడిగాడు.